గొఱ్ఱెలీను కాలమున నక్కల బెడద

తెలుగున నక్క యన్న మాట ఒకే జంతువును చెప్పదు. ఊరి పొలిమేరలో రాత్రివేళ గుంపుగా కూయునది ఒకటి. చేని గట్టున బొరియ త్రవ్వుకొని ఎలుకలను, మిడుతలను, రేగుపండ్లను తిని బ్రతుకు చిన్న గుంటనక్క మఱియొకటి. ఈ రెండింటికిని వేఱైన ఎఱ్ఱనక్క హిమాలయ ప్రాంతములందును, రాజస్థాన, కచ్ఛ్ ఎడారులందును కలదు గాని దక్షిణదేశమున లేదు. గొఱ్ఱెల పెంపకముపై బ్రతుకు పెక్కు దేశములలో కాపరికి నిద్ర లేకుండ చేయునది ఈ ఎఱ్ఱనక్కయే. బరువు అయిదారు కిలోలు, తోక గుబురు, నడక పిల్లివలె మెత్తన. నాలుగైదు కిలోల గొఱ్ఱెపిల్లను నోట కఱచుకొని కంచె దాటిపోగల సత్తువ దానికి కలదు.

ఈ విషయమున ఆస్ట్రేలియా దేశపు అనుభవము తెలిసికొనదగినది. అచ్చట గొఱ్ఱెగాని, నక్కగాని పుట్టు జంతువు కాదు. రెండింటిని ఓడలపై తెచ్చినవారు మనుష్యులే. సన్నని ఉన్నినిచ్చు మెరీనో గొఱ్ఱెలు 1797లో అచ్చటికి చేరెను. ఆ ఉన్ని వ్యాపారముపైననే ఆ దేశపు సంపద చాలకాలము నిలిచెను. నక్క వచ్చిన కారణము మాత్రము వట్టి వేడుక. గుఱ్ఱములెక్కి, వేటకుక్కలతో నక్కను తఱుముట ఇంగ్లండులోని దొరలకు వినోదము. క్రొత్తదేశమున ఆ వినోదమునకు నక్క లేకపోయెను గనుక 1850 తరువాతి దశకములలో విక్టోరియా ప్రాంతమున దానిని తెచ్చి విడిచిరి. 1859లో అదే ప్రాంతమున ఒక భూస్వామి కుందేళ్లను కూడ వేటకై విడిచెను. కుందేలు పెరిగిన చోటికెల్ల నక్క వెంట నడచెను. ఇప్పుడు ఉష్ణమండలపు ఉత్తరభాగము తప్ప ఆ ఖండమంతట నక్క కలదు. టాస్మేనియా ద్వీపమున మాత్రము కుదురుకొనలేదు. నాలుగు దినముల వేడుకకు తెచ్చిన సరకు నూటయేబది యేండ్లుగా ఖర్చు వ్రాయించుచున్నదన్నమాట.

గొఱ్ఱె చూలు సుమారు 150 దినములు. దక్షిణ ఆస్ట్రేలియా భాగములలో చలికాలపు నడుమనుండి వసంతము వఱకు, అనగా జూన్ మొదలు సెప్టెంబరు లోపల, మందలు ఈనును. ఆడనక్క చూలు 52 దినములు మాత్రమే. అది చలికాలమున జతగూడి ఆగస్టు, సెప్టెంబరు నెలలలో బొరియలో నాలుగైదు పిల్లలను పెట్టును. బ్రిటనులో ఋతువులు తలక్రిందులు గనుక నెలలు మారును గాని వరుస అదియే: మార్చి, ఏప్రిలు నెలలలో ఒకవైపు గొఱ్ఱెలీనును, మఱియొకవైపు నక్కలీనును. బొరియలోని పిల్లలకు పాలివ్వవలసిన తల్లినక్కకు ఆకలి ఎక్కువగా నుండు సమయముననే పచ్చికబయలున మావి, చచ్చిపుట్టిన పిల్ల, లేవలేని బలహీనపు పిల్ల దొరకుచుండును. ఇద్దరు తల్లుల అవసరము ఒకే పక్షమున వచ్చి పడుటయే ఈ తగవునకు మూలము.

తెల్లవారుజామున కాపరి బయలునకు పోయి చూచును. మంచు పట్టిన గడ్డిపై ఒక పిల్ల చచ్చి పడియుండును. మెడపై పంటి గాట్లు, ముక్కు కొఱికివేయబడి యుండును. ప్రక్కనే మెత్తని నేలపై నక్క అడుగు. కాపరి మఱియొక ఆలోచన లేక ఆ నష్టమును నక్క పేర వ్రాసికొనును. వర్తకము చేయు చదువరులు ఇచ్చట ఒక్క క్షణము ఆగవలెను. సరకు తరిగినప్పుడు గిడ్డంగిలో కనబడిన ఎలుకనుబట్టి తరుగు మొత్తమును ఎలుక పద్దున వ్రాసిన గుమాస్తాను ఏ యజమానియు మెచ్చుకొనడు. తూకము సరిచూడవలెను, గోడ చెమ్మ చూడవలెను, గోతాము కుట్టు చూడవలెను. గొఱ్ఱెపిల్ల విషయమునను అట్టి తనిఖీ ఒకటి కలదు. పశువైద్యులు దానిని కాపరులకు నేర్పుచున్నారు. కత్తి, ఒక బకెట్టు నీరు ఉన్న చాలును.

మొదట కాళ్లు చూడవలెను. పుట్టుకతో గొఱ్ఱెపిల్ల గిట్టలపై మెత్తని పసుపురంగు తొడుగు ఉండును. తల్లి కడుపును చింపకుండ ప్రకృతి వేసిన తొడుగు అది. పిల్ల లేచి నాలుగడుగులు నడచిన అది అరిగిపోవును. తొడుగు చెక్కుచెదరక యున్న ఆ పిల్ల లేచి నడువనే లేదని అర్థము. తరువాత ఊపిరితిత్తి ముక్క కోసి నీటిలో వేయవలెను. తేలిన ఆ పిల్ల ఊపిరి పీల్చినది. మునిగిన చచ్చి పుట్టినది, నక్క దానిని చంపు ప్రసక్తియే లేదు. పిమ్మట కడుపు తెరచి చూచిన గడ్డకట్టిన పాలు ఉన్నవో లేవో తెలియును. మూత్రపిండముల చుట్టు పుట్టుకతో కొంత క్రొవ్వు ఉండును. చలికి, ఆకలికి తట్టుకొనుటకు తల్లి కట్టి యిచ్చిన సద్దిమూట వంటిది అది. ఆ క్రొవ్వు కరగి ఎఱ్ఱని జిగురుగా మారియున్న పిల్ల ఆకలితో మాడి చచ్చినది. తలయు మెడయు ఉబ్బియున్నను, ఒడలంతయు పసుపుపచ్చని మలముతో తడిసియున్నను, కష్టపు కాన్పున నలిగినది.

చివరకు పంటి గాట్లు. ఆ చోట తోలు ఒలిచి క్రిందిమాంసము చూడవలెను. ప్రాణముండగా కఱచిన చోట నెత్తురు కమ్మి కందిపోయి యుండును. చచ్చిన తరువాత కఱచిన చోట కందదు, పాలిపోయి యుండును. ఈ ఒక్క గుర్తు తెలిసిన కాపరికి తన బయలులోని నక్క హంతకుడా, కళేబరములెత్తు పాకీవాడా అన్నది తేలిపోవును. రెండును కలసిన సందర్భములు కూడ కలవు: నెత్తురు కందిన గాటు ఉన్నను, కడుపు ఖాళీ, క్రొవ్వు కరగినది అయిన, ఆ పిల్ల నక్క రాకున్నను ఆ పూట గడపెడిది కాదు. కాకులు కన్నులు పొడుచుట, నాలుక కొఱుకుట కూడ ఇట్లే పరిశీలించవలెను.

ఈ తనిఖీలో ఒక లోపము ఉన్నదని ఒప్పుకొనవలెను. నక్క ఎత్తుకొనిపోయిన పిల్లకు కళేబరము దొరకదు. దొరకని దానిని కోసి చూచుట యెట్లు? అందుచేత జాగ్రత్తగల రైతులు చూలు గొఱ్ఱెలను యంత్రముతో పరీక్షింపించి ఏ గొఱ్ఱెకు ఒక్క పిల్ల, ఏ గొఱ్ఱెకు కవలలు అని ముందుగానే పుస్తకమున వ్రాసికొందురు. తరువాత పిల్లల చెవులకు గుర్తు వేయునాడు లెక్క చూచుకొన్న, రావలసినదెంత, వచ్చినదెంత, కళేబరములెన్ని, ఆచూకీ లేనివెన్ని అని తేలును.

ఇట్లు చూడగా తేలిన సంగతి కాపరులను ఆశ్చర్యపఱచినది. ఆస్ట్రేలియాలో సగటున ఒక్క పిల్ల పుట్టిన చోట నూటికి పది, కవలలు పుట్టిన చోట నూటికి ముప్పది చచ్చుచున్నవి. ఆ చావులలో అధికభాగము పుట్టిన మూడు దినముల లోపలనే జరుగును. ముఖ్య కారణములు మూడు కలసి నడచుచుండును: ఆకలి, తల్లి విడిచిపోవుట, చలిగాలి వాన. వానికి తోడు కష్టపు కాన్పు. నక్క ముఖ్యకారణమైన చావులు పెక్కు మందలలో కొద్దిపాటివే. బ్రిటనులో జరిగిన పరిశీలనలలో సాధారణముగా నూటికి ఒకటి రెండు పిల్లలు మాత్రమే నక్క పాలైనట్లు కనబడినది. అయినను సగటు లెక్క అందఱి ఇంటి లెక్క కాదు. ఒక బయలున ఏ నష్టమును లేక, ప్రక్క బయలున ఒక్క నక్క ఆరోగ్యముగానున్న పిల్లలను వరుసగా చంపిన సందర్భములు కలవు. అడవి అంచున ఉన్న చిన్న మందకు అట్టి ఏడాది పెద్ద దెబ్బయే. కాపరి కోపమును అజ్ఞానమని కొట్టివేయుట తగదు.

ఆ కోపముతో మనుష్యులు చేసిన ప్రయత్నములు చాలగలవు. తుపాకి, వల, బొరియలో పొగ, విషము. తలకు ఇంత అని బహుమతి పెట్టుట పాత పద్ధతి. విక్టోరియా ప్రభుత్వము 2002-2003లో దానిని మరల ప్రయత్నింపగా లక్షకు మించిన నక్కతోకలు వచ్చి చేరెను. తరువాత లెక్క చూడగా రాష్ట్రమున మిక్కిలి కొద్ది భాగములో తప్ప నక్కల సంఖ్య తగ్గిన జాడ లేదు. అయినను కొన్నియేండ్లకు ఆ బహుమతి మరల మొదలైనది. బ్రిటనులో 2001లో పశువులకు గాళ్లు వచ్చినప్పుడు వేట సుమారు పది నెలలు నిలిచిపోయెను. నక్కలు ఇబ్బడిముబ్బడిగా పెరుగునని భయపడిరి. ముందును, వెనుకను నక్కల పెంటికలను లెక్కించి చూచిన శాస్త్రజ్ఞులకు చెప్పుకొనదగిన పెరుగుదల కనబడలేదని 2002లో ప్రకటించిరి. కుక్కలతో నక్కవేట స్కాట్లండున 2002 నాటి చట్టముచేతను, ఇంగ్లండు, వేల్సులలో 2004 నాటి చట్టముచేతను నిషేధింపబడినది. రైతు తుపాకితో కాల్చుట మాత్రము నిషేధింపబడలేదు.

చంపిన నక్క చోటు ఏల ఖాళీగా ఉండదు? ఒక్కొక్క నక్కజంటకు ఒక్కొక్క పొలిమేర ఉండును. ఆ జంట పోయిన, చోటు వెదకికొను కుఱ్ఱనక్కలు నలువైపులనుండి వచ్చి చేరును. అద్దె దుకాణము ఖాళీ అయిన బజారులో బోర్డు వ్రేలాడదీయకముందే బేరమాడువారు వచ్చినట్లు. అందుచేత చంపుటను నమ్ముకొన్నవారు కూడ, ఒక్కరు చేసిన ప్రయోజనము లేదనియు, చుట్టుప్రక్కల రైతులందఱు ఒకేమారు చేయవలెననియు, ప్రతియేడు చేయవలెననియు చెప్పుదురు. అచ్చట ఎక్కువగా వాడు విషము 1080 అను పేరుగల సోడియము ఫ్లోరోఅసిటేటు. పడమటి ఆస్ట్రేలియాలోని కొన్ని మొక్కలలో ఈ విషము స్వభావసిద్ధముగా ఉన్నది గనుక అచ్చటి అడవిజంతువులు కొంతవఱకు తట్టుకొనును. కుక్కలు తట్టుకొనలేవు. దానికి విరుగుడు మందు లేదు. నక్కకై పెట్టిన మాంసపుముద్ద తిని ఇంటి కుక్క కొట్టుకొని చచ్చిన కథ లేని పల్లె అచ్చట అరుదు.

అహింసను వ్రతముగా పాటించు కుటుంబములలో ఈ ప్రశ్న సులువుగా తెగినట్లు తోచవచ్చును. కాపరికి అంత సులువు కాదు. నక్కను విడిచిన పిల్ల చచ్చును, పిల్లను బ్రతికింపవలెనన్న నక్కను చంపవలెను అని అతడు తలచును. పిల్ల ప్రాణమును అతడు తేలికగా చూచుట లేదు. ఆకలితో చచ్చిన వానినెల్ల నక్క పద్దున వ్రాసికొనుచున్నంత కాలము అతడు తుపాకి పట్టుకొని బయలున తిరుగుచుండగనే కవలపిల్లలు దొడ్డిలో ఆకలితో చచ్చుచుండును. కాబట్టి మొదటి కాపుదల తల్లి మేతయందే కలదు.

చూలు చివరి ఏబది దినములలో గొఱ్ఱెకు మేత చాలకున్న పిల్ల బరువు తగ్గును, పొదుగున పాలు ఆలస్యముగా దిగును. మూడు కిలోలకు తగ్గిన పిల్ల చలిగాలికి నిలువదు. పుట్టిన కొలది గంటలలో పిల్ల కిలో బరువుకు 50 మిల్లీలీటర్ల చొప్పున ముఱ్ఱుపాలు త్రాగవలెను. నాలుగు కిలోల పిల్లకు ఇది 200 మిల్లీలీటర్లు. ఆ పాలు త్రాగి ఒళ్లు వేడెక్కిన పిల్ల తల్లి వెంట పరుగిడును. నక్క సాధారణముగా పరుగిడు పిల్ల జోలికి పోదు, తల్లి కాలితో తన్నుట దానికి తెలియును. తల్లి తాను ఈనిన చోటనే కనీసము ఆరు గంటలు నిలిచిన తల్లీపిల్లలకు వాసన గుర్తు కుదురును. కాబట్టి ఆ వేళ మందను తోలరాదు, మేతబండి తీసికొనిపోరాదు, కుక్కలను విడువరాదు. కవలలు మోయు గొఱ్ఱెలను వేఱుచేసి, చిన్న గుంపులుగా, గాలికి అడ్డముగా చెట్లున్న బయలున ఉంచవలెను. పెద్దగుంపులో తొలిచూలు గొఱ్ఱె తన రెండు పిల్లలలో ఒకదానిని మఱచిపోవుట సర్వసాధారణము. ఆ మఱచిన పిల్లయే నక్కకు దొరకును.

పొట్టేళ్లను మందలో అయిదారు వారములు మాత్రమే విడిచి, తరువాత వేఱుచేసిన మంద అంతయు ఒక్కమారే ఈనును. ప్రక్క రైతులు కూడ అదే సమయమున ఈనించిన మఱియు మేలు. నక్క కడుపు ఒక్కటే గదా! మూడు నెలలు దినమునకొక పిల్ల చొప్పున దొరకుట వేఱు, పదునైదు దినములలో వేయి పిల్లలు పుట్టి లేచి పరుగిడుట వేఱు. మావిని, కళేబరములను ప్రతియుదయము ఏరి లోతుగా పాతిపెట్టుట మఱవరాదు. ఇది చేయని బయలునకు నక్క అలవాటుపడును, అలవాటుపడినది మఱునాడును వచ్చును.

కంచె మాట చెప్పవలెనన్న, నక్క ఎక్కగలదు, త్రవ్వగలదు, అరచేతి వెడల్పు సందున దూరగలదు. తీగెలలో విద్యుత్తు పాఱించిన వలకంచె చిన్న దొడ్డికి చక్కగా పనికివచ్చును, వేల ఎకరముల బయలునకు ఖర్చు పెరుగును. రాత్రి మినుకు మినుకు మనుచు రంగులు మార్చు దీపములు ఇటీవల వచ్చినవి. చిలీ దేశపు పర్వతములలో వీనిని పరీక్షింపగా ప్యూమా అను పెద్దపిల్లి దూరముగా తొలగెను గాని, ఆ దేశపు నక్క లెక్కచేయలేదని 2019లో ప్రకటించిరి. దీపమును నమ్మి నిద్రపోవుట మంచిది కాదు.

పాతకాలపు ఉపాయమే ఇప్పుడు మరల గౌరవము పొందుచున్నది. ఇటలీ దేశపు కొండలలో మరెమ్మా అను తెల్లని పెద్ద కుక్కలను తోడేళ్లనుండి మందను కాచుటకు శతాబ్దములుగా పెంచుచున్నారు. మందను తోలు కుక్క వేఱు, ఇది వేఱు. తోలు కుక్క గొఱ్ఱెను తఱుమును. ఈ కుక్క గొఱ్ఱెలమధ్య పడుకొనును. పాలు మఱచిన నాటినుండి, అనగా సుమారు ఎనిమిది వారముల వయస్సున, గొఱ్ఱెల దొడ్డిలో ఉంచి పెంచిన అది గొఱ్ఱెలనే తనవారిగా తలచును. నక్క వాసన తగిలిన లేచి మందకును దానికిని నడుమ నిలిచి మొఱుగును. చాలమారులు అంతటితో పని ముగియును, నక్క వేఱుచోట కుందేలును వెదకికొనును. కుఱ్ఱవయస్సున కొన్ని కుక్కలు ఆటకై పిల్లలను తఱుమును, ఆ అలవాటు వెంటనే మాన్పవలెను. కుక్క కాపున్న పొలమున విషపుముద్ద పెట్టరాదు, ప్రక్క పొలమువారిని కూడ ఒప్పింపవలెను. ఒక పద్ధతి రెండవదానిని చంపును.

ఈ కుక్కల పేరు గొఱ్ఱెలను దాటి వినబడినది విక్టోరియాలోని వార్నాంబూల్ పట్టణము ప్రక్కనున్న మిడిల్ ఐలండు వలన. ఆ చిన్న ద్వీపమున ఒకప్పుడు వందలకొలది చిన్న పెంగ్విన్ పక్షులుండెడివి. సముద్రము తీసినవేళ నక్కలు నడచిపోయి వానిని చంపగా, 2005 నాటికి పదికి లోపుగా మిగిలెను. కోళ్లను కాచుటకు మరెమ్మాను పెంచుచున్న ఒక రైతు సలహాపై 2006లో అట్టి కుక్కలను ద్వీపమున కాపు పెట్టిరి. పక్షులు మరల నూటికి పైగా పెరిగినవి. 2017లో సముద్రము కల్లోలముగానుండి కుక్కలను కొన్నిదినములు ద్వీపమునకు పంపలేకపోయిరి. ఆ సందున నక్కలు పోయి నూటికి పైగా పక్షులను చంపినవి. కాపు ఎంత పనిచేసినదో కాపులేని ఆ కొన్ని దినములే చూపెను.

గాడిదను కూడ కొందఱు వాడుదురు. కుక్కజాతిపై గాడిదకు పుట్టుకతో వైరము కలదు, అరచును, తన్నును, వెంటబడును. ఒక్క గాడిదనే ఉంచవలెను. రెండున్న అవి తమలో తాము స్నేహము చేసికొని మందను పట్టించుకొనవు. బీజము కొట్టని మగగాడిద పిల్లలనే కొట్టవచ్చును గనుక పనికిరాదు.

దక్కను పీఠభూమిలో ఎఱ్ఱనక్క లేదు. ఇచ్చటి గొల్ల, కురుమ, కురుబ, ధనగరు కాపరులకు అసలు శత్రువు తోడేలు. గుంటనక్క రెండు మూడు కిలోల జీవి, దానివలన మందకు భయము లేదు. పైగా ఎలుకలను తిని చేనికి మేలు చేయును. తోడేలుగాని, గుంటనక్కగాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద రక్షణ పొందినవి, వానిని చంపుట నేరము. ఈ కాపరులు పిల్లలను మందతో మేతకు తోలుకొనిపోరు. విడిదిచోట ఒక ముసలివాడో, ఆడమనిషియో కాపుండగా వలదొడ్డిలో విడిచిపోవుదురు, మరీ లేతవానిని వెదురుగంప బోర్లించి దాని క్రింద ఉంచుదురు. చేను ఎరువుకై మంద కట్టిన రాత్రులలో గొఱ్ఱెల చుట్టు కుక్కలు, వాని వెలుపల కంబళి కప్పుకొని కాపరులు పడుకొందురు. సాయంకాలము మంద తిరిగివచ్చునప్పుడు గంపలెత్తగానే పిల్లలు అరచుకొనుచు పరుగెత్తును. వందల గొఱ్ఱెలలో ప్రతిపిల్లయు తన తల్లిని చేరినదాక కాపరి నిలబడి చూచును, చేరని పిల్లను ఎత్తి తల్లి పొదుగునకు తానే పట్టించును.